వృత్తి శిక్షణలో డిజిటల్ బోధన: ముందు తప్పుల జాబితా, తర్వాతే కొనుగోళ్లు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ శిక్షణ కేంద్రంలో వెల్డింగ్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ కోర్సులున్నాయి. మెషిన్లు తక్కువ, ట్రెయినీలు ఎక్కువ. డిజిటల్ బోధన కోసం యాజమాన్యం కొంత డబ్బు పక్కన పెట్టింది. దాంతో వీఆర్ (హెడ్‌సెట్‌లో కనపడే కృత్రిమ దృశ్యం) వెల్డింగ్ సిమ్యులేటర్లు కొనాలా, వీడియో పాఠాలతో ఒక ఆన్‌లైన్ వేదిక పెట్టుకోవాలా అన్నది తేలడం లేదు. సీనియర్ ఇన్‌స్ట్రక్టర్లేమో "చేతిపని తెర మీద వస్తుందా?" అంటున్నారు, వాళ్లను ఒప్పించడం ఎలాగన్నదీ మీ ప్రశ్నే. ఫోన్లు అనుమతిస్తే క్రమశిక్షణ పోతుందన్న టెన్షన్ ఇంకొకటి.

నేను మెషిన్ షాపులో పనిచేసి, తర్వాత శిక్షణ వైపు వచ్చినవాణ్ని. మీ సీనియర్ల ప్రశ్న న్యాయమైనదే. చేయి తిరగడం తెర మీద రాదు, అందులో అనుమానం లేదు. అయితే ఒక పని చేయండి. వర్క్‌షాపులో ఒక మూల నిలబడి, ఒకే ట్రెయినీని ఒక పూటంతా గమనించండి. అతని చేయి నిజంగా పని మీద ఎంతసేపుందో చూడండి. మెషిన్ ఖాళీ అయ్యేదాకా నిలబడతాడు. డ్రాయింగ్ అర్థం కాక పక్కవాణ్ని అడుగుతాడు. డెమో జరుగుతుంటే నాలుగో వరుసలో ఉండి ముందువాళ్ల వీపులు చూస్తాడు. టూల్ తప్పుగా బిగించి, విప్పి, మళ్లీ బిగిస్తాడు. వీటిలో చాలా భాగం మెషిన్ దగ్గర జరగనక్కర్లేదు. డిజిటల్ సాధనాల అసలు ఉపయోగం అక్కడే ఉంది: మెషిన్ ముందు దొరికే కొద్ది సమయాన్ని చేతిపనికే మిగల్చడం.

అందుకే నా మొదటి సలహా, అమ్మేవాళ్ల క్యాటలాగ్ తెరవకముందు తప్పుల జాబితా రాయండి. మీ స్క్రాప్ డబ్బాలో పడ్డ జాబులు (ట్రెయినీలు చేసిన ముక్కలు) తీసి ఒక్కొక్కటీ ఎందుకు పాడైందో ఇన్‌స్ట్రక్టర్లందరూ కూర్చుని రాస్తే, ఒక వారంలో మీకు కావాల్సిన డిజిటల్ ప్రణాళిక సగం తయారవుతుంది.

ఒక తప్పును దగ్గర నుంచి చూద్దాం. మైక్రోమీటర్ (జాబ్ మందాన్ని సూక్ష్మంగా కొలిచే పరికరం) చదవడం చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. స్లీవ్ (కదలని గొట్టం) మీద మిల్లీమీటర్, అర మిల్లీమీటర్ గీతలు. థింబుల్ (దాని మీద తిరిగే గొట్టం) మీద 50 గీతలు, ఒక్కో గీత 0.01 మిల్లీమీటర్. బోర్డు మీద అడిగితే అందరూ సరిగ్గానే చెబుతారు. జాబ్ కొలిచేటప్పుడు మాత్రం కొందరికి కచ్చితంగా అర మిల్లీమీటర్ తేడా వస్తుంది. అసలు కొలత 5.48 అయినప్పుడు థింబుల్ అంచు 5.5 గీతకు దాదాపు ఆనుకుని ఉంటుంది, ఆ గీత కాస్త తొంగిచూస్తుంది. ట్రెయినీ దాన్ని కూడా లెక్కలో కలిపేసి 5.98 అని రాసుకుంటాడు. థింబుల్ మీద 48 ఉందంటే ఇంకా రెండు గీతలు తిరగాలి, కాబట్టి ఆ అర మిల్లీమీటర్ ఇంకా పూర్తి కాలేదు. ఇది తట్టడమే కిటుకు.

మామూలు ప్రాక్టికల్‌లో ఇలాంటి అంచు కొలత ఒక్కొక్కరికి ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది. ఫోన్‌లో నడిచే చిన్న క్విజ్‌లో అయితే కావాలని అలాంటివే వరసగా ఇవ్వొచ్చు: 5.48, 7.99, 12.02. ఎవరైనా 5.98 అని కొడితే "తప్పు" అని ఊరుకోకుండా, ఆ గీత దగ్గరి ఫొటోను పెద్దది చేసి "ఈ గీత పూర్తిగా బయటికి వచ్చిందా? థింబుల్ ఎక్కడుంది?" అని అడిగించొచ్చు. మీ స్టోర్‌లోని మైక్రోమీటర్‌నే ఫోన్‌తో ఫొటోలు తీసి, హెచ్‌ఫైవ్‌పీ లాంటి ఉచిత సాధనంతో ఇది తయారు చేసుకోవచ్చు. మెషిన్ ఎక్కే ముందు ప్రతివాడూ ఈ క్విజ్ దాటాలని నియమం పెట్టండి. దాటాక కూడా వారానికోసారి మళ్లీ అడగండి. మళ్లీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకుని జవాబు చెప్పడమే ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగాలు బాగా చూపించాయి. ఆ ప్రయోగాలు పాఠాల మీద జరిగాయి గానీ, కొలతలూ గుర్తులూ కోడ్‌లూ నేర్చుకోవడానికి ఆ సూత్రం సరిపోతుంది.

ఇక సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషిన్లు. ఇక్కడ సిమ్యులేటర్ లేకుండా నేర్పడం ఈ రోజుల్లో దుబారా అని నా అభిప్రాయం. ప్రోగ్రాం రాసి, టూల్ ఎటు వెళ్తుందో తెర మీద చూసి, తప్పు దిద్దుకోవడానికి అసలు మెషిన్‌ను గంటలకొద్దీ ఆపి ఉంచడం ఎందుకు? కాకపోతే ఏదో ఒక సిమ్యులేటర్ తెచ్చి ఊరుకుంటే ప్రమాదం. చాలా కంట్రోల్స్‌లో (మెషిన్‌ను నడిపే కంప్యూటర్లలో), ముఖ్యంగా పాతవాటిలో, దశాంశ బిందువు పెట్టకుండా ఎక్స్ 10 అని రాస్తే మెషిన్ దాన్ని 10 మిల్లీమీటర్లుగా తీసుకోదు, 10 మైక్రాన్లుగా తీసుకుంటుంది. డబ్బు పెట్టక్కర్లేని మామూలు సిమ్యులేటర్లు కొన్ని దాన్ని 10 మిల్లీమీటర్లుగానే చూపిస్తాయి. తెర మీద జాబ్ అద్దంలా వస్తుంది, మెషిన్ మీదికి వెళ్లాక టూల్ కదిలినట్టే కనపడదు, లేదా ఎక్కడో వెళ్లి గుద్దుకుంటుంది. అందుకని మీ మెషిన్ మీదున్న కంట్రోల్‌కు, దాని సెట్టింగ్‌కు సరిపోయే సిమ్యులేటరే తీసుకోండి.

ఇంకో సంగతి. సిమ్యులేటర్‌లో జాబ్ ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఉంటుంది. జాబ్‌ను పట్టి ఉంచే వైస్ దవడ, క్లాంపు, బోల్టు తల చాలావాటిలో ఉండవు. ఉన్నా ఎవరూ సరిగ్గా పెట్టరు. అసలు షాపులో టూల్ గుద్దుకునే సందర్భాల్లో వర్క్ ఆఫ్‌సెట్ (జాబ్ ఎక్కడుందో మెషిన్‌కు చెప్పే అంకె) తప్పు పెట్టడం, టూల్ పొడవు తప్పు ఎక్కించడం, క్లాంపు అడ్డు రావడం లాంటివే ఎక్కువ. ప్రోగ్రాం సిమ్యులేటర్‌లో నేర్పండి. ఆఫ్‌సెట్ పట్టడం, సింగిల్ బ్లాక్‌లో ఒక్కో లైను నడపడం, టూల్ వేగం మార్చే ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ మీద చేయి ఉంచి టూల్ దిగడం చూడటం, ఇవి మాత్రం మెషిన్ మీదే నేర్పాలి. "సిమ్యులేటర్‌లో ఓకే వచ్చింది సార్" అన్న మాట వినగానే సైకిల్ స్టార్ట్ నొక్కనిచ్చే ఇన్‌స్ట్రక్టర్ ఉంటే, ఆ కేంద్రంలో స్పిండిల్ మరమ్మతు ఖర్చు సాఫ్ట్‌వేర్ ఖర్చును దాటిపోతుంది. కోసిన లోహపు చిప్ చుట్టుకోవడం, టూల్ అరిగిపోయినప్పుడు శబ్దం మారడం, జాబ్ వణకడం లాంటివి తెర చూపించదు. అవి చెవితో, చేత్తో పట్టుకోవాల్సినవి.

వీడియోల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డబ్బు తక్కువ అనుకుని అందరూ వీటితోనే మొదలుపెడతారు, ఎక్కువమంది బోర్లాపడేదీ ఇక్కడే. నలభై నిమిషాల వీడియోలో పెద్దాయన మెషిన్ పక్కన నిలబడి మాట్లాడతాడు, కెమెరా ఎదురుగా ఉంటుంది, చేతులు అటుతిరిగి ఉంటాయి. చూసినవాడికి అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆ "అర్థమైనట్టు"తోనే చిక్కు. షికాగో విశ్వవిద్యాలయం నుంచి కార్డాస్, ఓబ్రయన్ అనే ఇద్దరు 2018లో కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. పళ్లేలు కదలకుండా టేబుల్ మీది గుడ్డను లాగేయడం, డార్టులు విసరడం లాంటి పనుల వీడియోలు కొందరికి ఒకసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఎక్కువసార్లు చూసినవాళ్లకు "నేనూ చేయగలను" అన్న ధీమా పెరిగింది. చేయించి చూస్తే నైపుణ్యం మాత్రం పెరగలేదు. గారడీవాళ్లు గాల్లో ఎగరేసే పిన్నులను కాసేపు చేతికిచ్చి పట్టుకోనిస్తే ఆ ధీమా తగ్గింది.

దీన్ని వర్క్‌షాపుకు అన్వయిస్తే మూడు మార్పులు చాలు. కెమెరా పనిచేసేవాడి కంటి కోణం నుంచి ఉండాలి, అంటే భుజం మీదుగా లేదా తలకు కట్టుకుని తీయాలి. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ అమర్చడం మీద ఫియోరెల్లా, మేయర్ తదితరులు 2017లో చేసిన అధ్యయనంలో, ఎదుటి నుంచి తీసిన వీడియో చూసినవాళ్ల కన్నా చేసేవాడి కంటి నుంచి తీసిన వీడియో చూసినవాళ్లు మెరుగ్గా చేశారు. ఎదుటి నుంచి చూస్తే కుడి ఎడమలను మనసులో తిప్పుకోవాలి కదా, ఆ శ్రమ ఇక్కడ ఉండదు. రెండో మార్పు నిడివి. ఒక వీడియోలో ఒకే పని ఉండాలి: నాలుగు దవడల చక్‌లో జాబ్ సెంటర్ చేయడం, రాడ్ అంటించి ఆర్క్ నిలపడం, వైరు కొసకు లగ్ క్రింప్ చేయడం. ఒకటి రెండు నిమిషాలు చాలు. మూడోది, వీడియో అయిపోగానే పనిముట్టు చేతిలో ఉండాలి. సాయంత్రం ఇంట్లో చూసి మర్నాడు చేసేకన్నా, మెషిన్ పక్కన చూసి అప్పుడే చేయడం మేలు. క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి, లామినేట్ చేసి, ఆ మెషిన్‌కే అంటించండి. మీ మెషిన్, మీ లివర్లు, మీ ఇన్‌స్ట్రక్టర్ గొంతు ఉన్న ఒక నిమిషం వీడియో, బయట ఎక్కడో తీసిన అందమైన యానిమేషన్ కన్నా బాగా పనిచేస్తుంది.

డెమోలో మామూలుగా కనపడనిది కెమెరా చూపించగలిగే చోట వీడియోకు నిజమైన విలువ వస్తుంది. ఆర్క్ వెల్డింగ్‌లో కొత్తవాళ్లకు కరిగిన లోహం ఏదో, దాని మీద తేలే మడ్డి, అంటే స్లాగ్ ఏదో తేడా తెలియదు. రెండూ ఎర్రగా మెరుస్తుంటాయి. స్లాగ్‌ను చూసి లోహం అనుకుని రాడ్‌ను ముందుకు తోసేస్తే బీడ్‌లో (వెల్డ్ గీతలో) స్లాగ్ చిక్కుకుంటుంది. ఇన్‌స్ట్రక్టర్ వెల్డ్ చేస్తుంటే ఇంతమంది ఆ చిన్న గుంటలోకి ఎలా చూస్తారు? ఫోన్ కెమెరా ముందు వెల్డింగ్ గ్లాస్ బిగించి దగ్గరగా తీయండి. తర్వాత నెమ్మదిగా నడిపి, ఆపి, "ఇది లోహం అంచు, ఇది వెనక నుంచి వస్తున్న స్లాగ్" అని వేలు పెట్టి చూపించండి. గ్లాస్ లేకుండా మాత్రం తీయొద్దు, కెమెరా సెన్సర్ దెబ్బతినొచ్చు.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న, వీఆర్ సిమ్యులేటర్లు. సిమ్యులేటర్‌తో వృత్తి నేర్పడం కొత్త విషయం కాదు. 1929లో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్, తమ కుటుంబానికి ఉన్న ఆర్గన్ వాయిద్యాల కర్మాగారంలోని తిత్తులు, పంపులు వాడి కదిలే విమానం బొమ్మ తయారు చేశాడు. మొదట్లో దాన్ని ఎక్కువగా వినోదంగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం విమాన తపాలా బాధ్యత తీసుకుని, చెడు వాతావరణంలో వరసగా పైలట్లను పోగొట్టుకున్నాక, ఆ యంత్రాలు 6 కొన్నది. మేఘాల్లో బయట ఏమీ కనపడనప్పుడు పరికరాలను చూసి ఎలా నడపాలన్నది నేర్పడానికి అది పనికొచ్చింది. విమానం నడపడం మొత్తాన్ని నేర్పడానికి దాన్ని కొనలేదు, ప్రాణాలు తీస్తున్న ఒక లోపాన్ని సరిదిద్దడానికి కొన్నారు. వెల్డింగ్ సిమ్యులేటర్‌నూ అదే కంటితో చూడండి.

ఈ యంత్రాలు కొలిచేవి కొన్నే: వెల్డింగ్ టార్చ్ లేదా రాడ్ కోణం, కదిలే వేగం, జాబ్ నుంచి దూరం, గురి ఎంత తిన్నగా సాగుతోందన్నది. వాటిని చాలా బాగా కొలుస్తాయి, ఏ ఇన్‌స్ట్రక్టర్ కన్నూ అంత కచ్చితంగా పట్టుకోలేదు. వేడి, పొగ, మీద పడే నిప్పురవ్వలు (స్పాటర్), కేబుల్ బరువు, ఫిటప్‌లో (ముక్కలను కలిపి అమర్చడంలో) గ్యాప్ ఎక్కువ తక్కువ కావడం, ట్యాక్ (ముక్కలు కదలకుండా పెట్టే చిన్న వెల్డ్) ఊడిపోవడం, గ్రైండింగ్, శుభ్రం చేయడం మాత్రం అక్కడ ఉండవు. వెల్డర్ రోజులో ఎంతో భాగం ఈ రెండో జాబితాలోనే గడుస్తుంది.

అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో, సగం సమయం వీఆర్‌లో, సగం అసలు వెల్డింగ్ బూత్‌లో నేర్చుకున్నవాళ్లు పూర్తిగా పాత పద్ధతిలో నేర్చుకున్నవాళ్లకు తీసిపోలేదని, కొన్నిట్లో మెరుగ్గా ఉన్నారని చూపించారు. పూర్తిగా వీఆర్‌లోనే నేర్పితే ఎలా ఉంటుందని తర్వాత 2013లో పరీక్షిస్తే, తేలిక పొజిషన్లకు, అంటే వెల్డ్ చేయాల్సిన జాబ్ ఉన్న తీరు తేలికైనప్పుడు, అది సరిపోయింది. కష్టమైన పొజిషన్లకు వచ్చేసరికి వీఆర్, అసలు బూత్ కలిపిన శిక్షణే నయమని తేలింది. నా అనుభవమూ దీనికి దగ్గరే. ఫ్లాట్ పొజిషన్‌లో చేయి స్థిరపడటానికి సిమ్యులేటర్ చాలా సాయం చేస్తుంది. వర్టికల్‌లో కిందినుంచి పైకి వెళ్లేటప్పుడు లోహం జారిపోతుంటే పట్టుకోవడం మాత్రం నిప్పు ముందే వస్తుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. సిమ్యులేటర్ తెర మీద కోణం తప్పితే ఎర్ర బాణం, సరైతే పచ్చ బాణం కనపడతాయి. ట్రెయినీ బాణాన్ని చూసి వెల్డ్ చేయడం అలవాటు చేసుకుంటాడు. బూత్‌లోకి వెళ్తే బాణం ఉండదు. చేతి నైపుణ్యాల మీద సాల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లో రాసిన సమీక్షలో ఈ విషయం ఉంది: ప్రతి ప్రయత్నానికీ సూచన అందుతుంటే అప్పటికి పని బాగా వస్తుంది, సూచన తీసేశాక నిలవదు. తర్వాత విన్‌స్టైన్, ష్మిట్ 1990లో సగం ప్రయత్నాలకే సూచన ఇచ్చి చూస్తే, నేర్చుకున్నది బాగా నిలిచింది. అందుకని సిమ్యులేటర్ చూపించడానికి వచ్చినవాళ్లను మొదట ఇదే అడగండి: "తెర మీది సూచనలు విడివిడిగా ఆపేయొచ్చా? స్కోరు పని అయిపోయాకే కనపడేలా పెట్టొచ్చా?" కుదరదంటే ఆ యంత్రం వద్దు. కుదిరితే మొదటి కొద్ది ప్రయత్నాలకు సూచనలు ఉంచి, క్రమంగా ఒక్కొక్కటీ తీసేయండి. స్కోరు చూపించే ముందు "ఈసారి ఏది తప్పింది, కోణమా వేగమా?" అని ట్రెయినీనే అడగండి. తన తప్పును తను పసిగట్టడం వచ్చినవాడికి బూత్‌లో బాణం అవసరం ఉండదు.

మీలాంటి కేంద్రానికి ఒకటి రెండు యంత్రాలు చాలు. అందరికీ ఒకటి చొప్పున కొనే డబ్బుంటే దాన్ని బూత్‌లకు, పొగ తీసే ఫ్యాన్లకు పెట్టండి. హెడ్‌సెట్ పెట్టుకుంటే కొందరికి తల తిరుగుతుంది, వాళ్లను బలవంతం చేయొద్దు. ముఖానికి తగిలే స్పాంజిని ఒకరి తర్వాత ఒకరు వాడేముందు తుడిచే ఏర్పాటు ఉండాలి. ఇవి చిన్న విషయాల్లా ఉంటాయి గానీ, యంత్రం మూలన పడటానికి చాలాసార్లు ఇవే కారణం.

ఎలక్ట్రీషియన్ కోర్సు సంగతి వేరు. అక్కడ డిజిటల్ సాధనం అన్నిటికన్నా బాగా పనిచేసేది ఫాల్ట్ వెతకడంలో. డీఓఎల్ స్టార్టర్ (మోటార్‌ను నేరుగా సప్లైకి కలిపే స్విచ్ పెట్టె) తీసుకోండి. స్టార్ట్ బటన్ నొక్కినంతసేపు మోటార్ తిరుగుతుంది, వదలగానే ఆగిపోతుంది. అనుభవమున్నవాడు, బటన్ వదిలాక కూడా కరెంట్ నిలిపే హోల్డింగ్ కాంటాక్ట్ వైపు చూస్తాడు. కొత్తవాడు ఫ్యూజ్ నుంచి మొదలుపెట్టి మొత్తం విప్పేస్తాడు. నిజమైన ప్యానెల్‌లో ఇలాంటి ఫాల్టులు రోజుకు ఎన్ని పెట్టగలం? సిమ్యులేషన్‌లో ఒక్కొక్కరికీ వేరు వేరు ఫాల్ట్ ఇవ్వొచ్చు. మీటర్ ఏ వరుసలో ఎక్కడెక్కడ పెట్టాడో రికార్డవుతుంది. మీరు చూడాల్సింది ఆ వరుసనే. ఫాల్ట్ దొరికిందా లేదా అన్నది రెండో మాట. సర్క్యూట్‌ను మధ్యలో కొలిచి సగం సగం చేసుకుంటూ వెళ్లాడా, గుడ్డిగా అన్నీ తడిమాడా అన్నదే అసలు మాట.

ఇందులో ఒక ముప్పుంది. తెర మీద కరెంట్ కొట్టదు. సప్లై ఆపకుండా చేయి పెట్టే అలవాటు అక్కడే మొలకెత్తుతుంది. సిమ్యులేషన్‌లో కూడా సప్లైని తెంచే ఐసొలేటర్ ఆపడం, లాక్ పెట్టడం, టెస్టర్‌ను ముందు లైవ్ పాయింట్ మీద సరిచూసుకుని, తర్వాత సర్క్యూట్ కొలిచి, మళ్లీ లైవ్ పాయింట్ మీద సరిచూసుకోవడం తప్పనిసరి చేయండి. ఒక్క మెట్టు దాటేసినా ఆ ప్రయత్నం సున్నా. నెట్‌వర్కింగ్ కోర్సు మొదలుపెట్టే ఆలోచన ఉంటే, కంప్యూటర్ నెట్‌వర్క్‌ను తెర మీద నడిపి చూపే ప్యాకెట్ ట్రేసర్ లాంటి సాధనంతో చాలా దూరం వెళ్లొచ్చు, అక్కడ తెర మీది పనే దాదాపు అసలు పని. కేబుల్ క్రింపింగ్, ర్యాక్ సర్దడం మాత్రం చేత్తోనే.

మీరు అడగలేదు గానీ, డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఒకటి చెప్తాను: ఫొటోల డైరీ. ట్రెయినీ తన పనిని నాలుగు దశల్లో ఫోన్‌తో తీస్తాడు. వెల్డింగ్ అయితే ఫిటప్, ట్యాక్, మొదటి రన్, శుభ్రం చేశాక. ఫ్రేములో స్కేలు ఉండాలి, జాబ్ మీద అతని నంబర్ పంచ్ చేసి ఉండాలి, లేకపోతే ఒకే మంచి జాబ్ పదిమంది ఫోన్లలో తిరుగుతుంది. ప్రతి ఫొటో కింద అర నిమిషం గొంతు రికార్డింగ్: ఏం చేశాను, ఏది తప్పింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తాను. రాయమంటే రాయరు, మాట్లాడమంటే మాట్లాడతారు. ఇన్‌స్ట్రక్టర్ కూడా గొంతుతోనే జవాబిస్తాడు: "మూడో ఫొటోలో కుడి అంచున అండర్‌కట్ ఉంది చూడు, అక్కడ ఆగకుండా వెళ్లిపోయావు." (అండర్‌కట్ అంటే వెల్డ్ అంచు వెంట పడే గాడి.) ఇంతే.

స్విట్జర్లాండ్‌లో అప్రెంటిస్‌లు వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు బడిలో గడుపుతారు. ఈ రెండింటికీ సంబంధం తెగిపోతోందని లొసాన్‌లోని ఈపీఎఫ్ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇతర సంస్థలతో కలిసి చాలాకాలం పనిచేశారు. వాళ్లు చేసిన రియాల్టో అనే వేదికలో ఆలోచన ఇలాంటిదే: పనిచోట తీసిన ఫొటోలే తరగతిలో పాఠం. గిడ్డంగుల పని నేర్చుకునేవాళ్ల కోసం వాళ్లే ఇంకోటి చేశారు. బల్ల మీద చిన్న చిన్న బొమ్మ ర్యాకులు అమర్చితే, పైనున్న కెమెరా వాటిని గుర్తుపట్టి, ప్రొజెక్టర్ ఆ బల్ల మీదే దారులు, లెక్కలు చూపిస్తుంది. హెడ్‌సెట్ లేదు, అందరూ బల్ల చుట్టూ నిలబడి వాదించుకుంటారు. సాంకేతికతను పని స్వభావానికి తగ్గట్టు వంచడం అంటే ఏమిటో దీంట్లో కనపడుతుంది.

డైరీలన్నీ ఇన్‌స్ట్రక్టర్ చూడాలంటే నిద్ర మానాల్సిందే. అందుకని వారానికి కొందరివి మాత్రమే చూడండి, ఎవరివన్నది ముందు చెప్పొద్దు. మిగతావి ట్రెయినీలే ఒకరివొకరు చూసుకోవాలి. పక్కవాడి బీడ్‌లో లోపం గుర్తుపట్టడం కూడా చదువే.

ఆన్‌లైన్ వేదిక గురించి ఎక్కువ ఆలోచించకండి. మూడిల్ 2002 నుంచి ఉంది, ఉచితం, తెలిసినవాళ్లు దొరుకుతారు. నెట్ సరిగ్గా లేకపోతే కోలిబ్రి చూడండి. ఒక చిన్న కంప్యూటర్‌లో పెట్టుకుంటే నెట్ లేకుండానే వర్క్‌షాపు వైఫైలో నడుస్తుంది. వేదిక ఏదైనా సరే, పాఠాలు, క్విజ్‌లు, డైరీలు మీరు ఎప్పుడైనా బయటికి తీసుకోగలగాలి. ఏటా చందా కట్టకపోతే మీ సొంత వీడియోలకే తాళం పడే ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు.

పరీక్షల విషయంలో మాత్రం ఆన్‌లైన్ మీద ఆశలు పెట్టుకోకండి. 2020లో కరోనాతో అంతా మూతపడినప్పుడు థియరీ తరగతులు ఏదో ఒక రకంగా నెట్‌లోకి వెళ్లాయి. వృత్తి శిక్షణలో ఎక్కడ చూసినా ఇరుక్కుపోయింది ప్రాక్టికల్, ప్రాక్టికల్ పరీక్ష. ఆన్‌లైన్ క్విజ్ మార్కులను మెషిన్ ఎక్కడానికి అనుమతిగా వాడండి, సర్టిఫికెట్‌కు ఆధారంగా వాడొద్దు.

ఏఐ చాట్‌బాట్ల గురించి రెండు ముక్కలు. ఇంగ్లిష్ మాన్యువల్‌ను తేలిక తెలుగులో చెప్పించుకోవడానికి, క్విజ్ ప్రశ్నల ముసాయిదా తయారు చేయించడానికి బాగుంటాయి. కస్టమర్‌లా మాట్లాడమని, "మోటార్ వాసనొస్తోంది" లాంటి అరకొర ఫిర్యాదు చేయమని చెప్పి, సరైన ప్రశ్నలు అడగడం ట్రెయినీకి నేర్పించొచ్చు. కేబుల్ సైజు, బోల్టు టార్క్, కరెంట్ సెట్టింగ్ లాంటి అంకెలు మాత్రం అక్కణ్నుంచి తీసుకోనివ్వొద్దు. తప్పు అంకెను కూడా అది అంతే నమ్మకంగా చెబుతుంది. అంకె కావాలంటే నేమ్‌ప్లేట్, తయారీదారు మాన్యువల్, మీ దగ్గర అమల్లో ఉన్న ప్రమాణం చూడాలి.

మీ సీనియర్లను ఒప్పించడం ఎలా అన్నారు. వాళ్లకు కంప్యూటర్ శిక్షణ పెట్టి కూర్చోబెట్టకండి, అక్కడే అలుగుతారు. కెమెరాను వాళ్ల చేతుల మీద పెట్టండి. అనుభవమున్నవాడు చేసే పనిలో సగం అతనికే తెలియకుండా జరుగుతుంది: టూల్ తగలకముందు వేలితో చక్ అంచు తడమడం, ఆర్క్ శబ్దం విని కరెంట్ ఒక గీత తగ్గించడం. వీడియో తీసి, తర్వాత ఆయన పక్కన కూర్చుని, ఆపి ఆపి "ఇక్కడ ఎందుకు ఆగారు సార్?" అని అడగండి. ఆ జవాబులే మీ పాఠాలు. వీడియోలో ఆయన పేరు వేయండి. ఒక కుర్ర ఇన్‌స్ట్రక్టర్‌ను ఎడిటింగ్‌కు జత చేయండి. ఈ పనికి గంటలు కేటాయించి, వాళ్ల తరగతుల భారం ఆ మేరకు తగ్గించమని యాజమాన్యాన్ని అడగండి. పరికరాలకు డబ్బిచ్చి పాఠాలు తయారు చేసే సమయానికి ఇవ్వకపోవడం చాలాచోట్ల చూశాను.

చివరిగా ఫోన్లు. తిరిగే మెషిన్ దగ్గర, చేతిలో టార్చ్ ఉన్నప్పుడు ఫోన్ జేబులో కూడా వద్దు. చెవిలో ఇయర్‌ఫోన్ అసలే వద్దు, మెషిన్ శబ్దం వినపడాలి. నేల మీద పసుపు గీత గీసి, గీతకు ఇటువైపు ఒక బల్ల, దాని మీద కేంద్రానివే రెండు మూడు ట్యాబ్‌లు పెట్టండి. క్యూఆర్ కోడ్ చూడాలన్నా, జాబ్ ఫొటో తీయాలన్నా అక్కడికే రావాలి. సొంత ఫోన్ లేనివాళ్లకూ ఇబ్బంది ఉండదు. బల్ల దగ్గర పాటలు చూస్తూ నిలబడేవాడు ఒకడిద్దరు ఉంటారు. మెషిన్ ఎక్కే వరసలో వాళ్ల వంతు వెనక్కి వేయండి, రెండు రోజుల్లో దారికొస్తారు.